ఉతుక్కునే కార్పెట్ – ఆరో భాగం: తివాచీ వెనకవైపు

పోయిన వారం మన డాక్టరమ్మని హాల్లో మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, వారం నుంచీ అలాగే ఉంది. ఆ రోజు ఆవిడకి సెలవు. ఇంటాయన క్రేన్ ఎక్కాలంటూ పొద్దున్నే వెళ్లాడు, కూతురు బడికి వెళ్లింది, అత్తగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పేపరు చదువుతోంది. డాక్టరమ్మ సోఫాని గోడకి నెట్టి, పాత తివాచీ అంచు రెండు చేతులా పట్టుకుని, "ఇవాళ దీని సంగతి తేల్చేస్తాను" అంటూ వెనక్కి తిప్పింది. తిప్పి, అలాగే ఉండిపోయింది. అక్కడ ఆపాం.

కొత్తగా వచ్చినవాళ్లకి రెండు ముక్కలు చెప్పాలి. ఈవిడ మందులిచ్చే డాక్టరు కాదు. డ్రైక్లీనింగ్ షాపు వెనక గదిలో మరకలు తీస్తుంది. కోటు మీద మచ్చ చూసి అదేమిటో, ఎన్నాళ్లదో, ఇంట్లోవాళ్లు భయపడి దాని మీద ఏమేం పూశారో చెప్పేస్తుంది. అందుకని షాపులో అందరూ మరకల డాక్టరమ్మ అంటారు. పైకి విసుక్కుంటుంది గానీ ఆ పేరంటే ఆవిడకి ప్రాణం. భర్త టవర్ క్రేన్ నడుపుతాడు. మూడు వీధుల అవతల ఓ పెద్ద మేడ కడుతున్నారు. దానికంటే ఎత్తున, అద్దాల గదిలో రోజంతా ఒక్కడే కూర్చుని, లివర్లు తిప్పుతూ ఇనుమూ సిమెంటూ పైకెత్తి దించుతుంటాడు.

పెళ్లయిన పదహారేళ్లలో కర్టెన్ రంగు గురించి కూడా నోరెత్తని ఆ మనిషి నెల రోజులుగా ఒకటే పోరు పెట్టాడు, ఉతుక్కునే కార్పెట్ కొందామని. కింద రబ్బరు పట్టా లాంటిది ఒకటి, పైన పల్చటి గుడ్డ కార్పెట్ ఒకటి. ఏదైనా ఒలికితే పైదాన్ని ఊడదీసి మెషిన్లో వేసుకోవడమే. ఫోన్లో బొమ్మలు చూపించాడు, కాగితం మీద హాలు కొలతలు రాసుకొచ్చాడు.

డాక్టరమ్మకి తలకొట్టేసినట్టయింది. ఊళ్లోవాళ్ల మరకలన్నీ తీసే మనిషిని ఇంట్లో పెట్టుకుని, మరకలకి భయపడి కార్పెట్ కొంటారా? వెయ్యని అడ్డుపుల్ల లేదు. తడిస్తే అంత బరువు మన మెషిన్ తిప్పుతుందా? పల్చటిదైతే మూలలు లేస్తాయి, అత్తయ్య కాలికి తగిలి పడితే? ఎక్కడ ఆరేస్తాం, బాల్కనీ కమ్మీ మీదా? అక్కడ తువ్వాలు ఉండొద్దూ? అన్నిటికీ ఆయన దగ్గర జవాబు ఉంది. అది మరీ అనుమానంగా తోచింది ఆవిడకి. ఆఖరికి నిన్న సాయంత్రం, "నా సెలవు రోజున ఆ పాతదాన్ని కొత్తదానిలా చేసి చూపిస్తాను. చెయ్యలేకపోతే అప్పుడు కొనండి" అని పందెం వేసింది. ఆయన టీ కప్పులోకి చూస్తూ ఊఁ అన్నాడు.

తువ్వాలు అన్నాను కదా, దాని సంగతి కూడా తెలియాలి. ఆయన పనిచేసే క్రేన్ ఇంటి బాల్కనీలోంచి కనపడడం ఇది రెండోసారి. మొదటిసారి పదకొండేళ్ల కిందట, ఆవిడ నిండు నెలలతో ఉన్నప్పుడు. పైన ఉన్నంతసేపు ఫోను ముట్టుకోకూడదు. అందుకని మొగుడూ పెళ్లాం ఓ ఏర్పాటు చేసుకున్నారు. మధ్యాహ్నం ఒంటిగంటకి కమ్మీ మీద పసుపు తువ్వాలు వేస్తే ఇంట్లో అంతా బాగున్నట్టు. పైనుంచి రెండు పొట్టి హారన్లు వినిపిస్తే అక్కడా బాగున్నట్టు. ఎర్ర తువ్వాలు వేస్తే మాత్రం హారన్లూ గీరన్లూ ఏమీ ఉండవు. ఎత్తిన బరువు దించేసి, ఉన్నపళంగా ఇంటికి రావాలి. ఎర్రది ఒకే ఒక్కసారి వేశారు. ఆ సాయంత్రమే కూతురు పుట్టింది. ఇప్పుడు ఏడాదిన్నరగా మళ్లీ పసుపు తువ్వాలు, మళ్లీ రెండు హారన్లు. డాక్టరమ్మ పనికి వెళ్లిన రోజుల్లో అత్తగారు వేస్తుంది. ఎర్రది బీరువా అడుగున మడత పెట్టి ఉంది.

ఇక తివాచీ దగ్గరికి వద్దాం.

పైవైపు ఉన్నవి రెండే రెండు లేత మరకలు. అవి ఇంట్లో అందరికీ తెలిసినవే. రెండు నెలల కిందట అత్తగారు "నా చెయ్యే తూలిందమ్మా" అని ఒప్పుకున్నవి. వెనకవైపు చూస్తే ఇంటాయన కుర్చీకి ఎదురుగా, కాళ్లు పెట్టుకునే పీట ఎప్పుడూ ఉండే చోట, టీ మరకలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. వేలు పెట్టి లెక్కపెట్టింది. పద్నాలుగు దాకా విడివిడిగా తేలాయి. ఆ తర్వాతవి కలిసిపోయాయి. పైన తుడిచినవన్నీ అడుక్కి దిగాయన్నమాట.

కప్పు చేజారితే టీ ఒకేచోట మడుగు కడుతుంది. ఇవి అలా లేవు. చుట్టూ చినుకులు పడ్డట్టు చిన్న చిన్న చుక్కలు, మధ్యలో ఓ పెద్ద మచ్చ. కప్పు చేతిలో ఉండగానే కుదిపి కుదిపి ఒలికిన టీ అది. పైగా ప్రతి మరక అంచూ మాడినట్టు గట్టిపడి ఉంది. పాలు కలిపిన టీ మీద వేడినీళ్లు పొయ్యకూడదు. పోస్తే పాలు పోగులోనే ఉడికి కూర్చుంటాయి, ఇక ఎవరి తరమూ కాదు. చన్నీళ్లు, అదీ వెనకవైపు నుంచి. ఈ ముక్క ఆవిడ ఆ ఇంట్లో పదహారేళ్లుగా చెబుతోంది. అత్తగారిని నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. చెవిన పెట్టని మనిషి ఇంట్లో ఒక్కరే.

 తివాచీని మళ్లీ పైకి తిప్పి, వంగి, పోగు వంక చూసింది. గుడ్డతో రుద్దిన మనిషి చెయ్యి పోగు మీద తెలుస్తుంది. కుడిచేత్తో రుద్దితే గీతలు ఒకవైపు వంపు తిరుగుతాయి, ఎడమచేత్తో రుద్దితే రెండోవైపు. షాపులో ఎవరూ నమ్మరు గానీ ఆవిడకి అది పుస్తకంలో అక్షరాల్లా కనపడుతుంది. ఇక్కడ రుద్దిందంతా ఎడమచెయ్యే. ఈ ఇంట్లో ఎడమచేతి వాటం వాళ్లెవరూ లేరు.

చివరి మరక మీద అరచెయ్యి వేసింది. ఇంకా చెమ్మగా ఉంది. నిన్నటిది.

"అత్తయ్యా."

"ఊఁ."

"ఇలా వస్తారా ఒకసారి?"

"పేపరు చదువుతున్నానమ్మాయ్."

"అది మొన్నటి పేపరు."

అత్తగారు పేపరు మడిచి ఒళ్లో పెట్టుకుంది. లేవలేదు. ఆవిడ ముప్పై ఏళ్లు టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసిన మనిషి. ఊళ్లోవాళ్ల మాటలన్నీ చెవిలో పడేవి, ఒక్క ముక్క నోటి వెంట బయటికి వచ్చేది కాదు. ఆ అలవాటు ఉద్యోగంతో పోలేదు.

"ఈ మరకలెవరివి?"

"నావే. చెప్పాను కదా అప్పుడే."

"అప్పుడు చెప్పింది రెండు. ఇక్కడ పద్నాలుగున్నాయి."

"వయసు మీద పడింది. తూలుతోంది చెయ్యి. లెక్క రాసిపెట్టుకుంటానా ఏమిటి?"

"ఇది నిన్నటిది. ఇంకా ఆరలేదు."

"అయితే నిన్న కూడా తూలి ఉంటుంది."

"మీ కప్పుకి మూత ఉంది కదా, అత్తయ్యా?"

అత్తగారు ఒళ్లో పేపరుని ఇంకో మడత పెట్టింది.

ఆ కప్పు గురించి చెప్పకుండా దాటేద్దామనిపిస్తోంది గానీ చెప్పక తప్పదు. మొదటి రెండు మరకలూ అత్తగారు తన మీద వేసుకున్న మర్నాడే, డాక్టరమ్మ చిన్నపిల్లల సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్లి మూత కప్పు కొనుక్కొచ్చింది. నీలం రంగుది, పక్కన ఏనుగు బొమ్మ, మూతకి చిన్న ముక్కు. "ఇక ఒలకదు చూడండి" అని నవ్వుతూ చేతిలో పెట్టింది. మనవరాలు పగలబడి నవ్వింది. అత్తగారూ నవ్వింది. రెండు నెలలుగా పొద్దునా సాయంత్రం ఆవిడ ఆ ఏనుగు ముక్కులోంచే టీ పీల్చుకుంటోంది. చుట్టాలొచ్చినప్పుడు కూడా. ఒక్కనాడు కిమ్మనలేదు.

ఇప్పుడు ఆ కప్పు కిటికీ గట్టు మీద ఉంది. డాక్టరమ్మ దాని వంక చూసింది, అత్తగారి చేతుల వంక చూసింది. ముడతలు పడ్డ చేతులే గానీ పేపరు మీద రాయిలా కదలకుండా ఉన్నాయి. ఈ చేతులు ఏనాడూ తూలలేదు. ఆ సంగతి చూడ్డానికి తనకి రెండు నెలలు పట్టింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"ఎందుకు తాగారండీ అందులో?"

"నువ్వు ముచ్చటపడి కొన్నావుగా."

"అత్తయ్యా!"

"టీ టీలాగే ఉంటుంది. కాస్త ప్లాస్టిక్ వాసన, అంతే." అత్తగారు కిటికీలోంచి బయటికి చూసింది. "నా చెయ్యి అనుకుంటే కప్పు కొన్నావు. వాడి చెయ్యి అని తెలిస్తే ఏం కొంటావు?"

అప్పటికి డాక్టరమ్మకి తెలుసు. పోగు చూసినప్పుడే తెలిసింది. అయినా ఆ మాట ఇంకొకరి నోటి వెంట వినేసరికి తివాచీ మీదే చతికిలబడిపోయింది.

"ఎన్నాళ్లయింది?"

"నాకు తెలిసి నాలుగు నెలలు. ఒక రోజు పొద్దున నువ్వు పనికి వెళ్లిపోయావు. చొక్కా బొత్తాలు పెట్టుకోలేక అద్దం ముందు నిలబడిపోయాడు. వేళ్లు మాట వినడం లేదమ్మా అన్నాడు. నేను పెట్టాను. అప్పట్నించీ రోజూ నేనే పెడుతున్నాను. నలభై ఐదేళ్ల కొడుక్కి." ఆవిడ పేపరు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. "ఇవాళ కూడా నేనే పెట్టాను, నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు."

"నాతో ఒక్క మాట..."

"చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. వచ్చే నెల కంపెనీ డాక్టరు అందర్నీ చూస్తాడట. అది గట్టెక్కాక తనే చెబుతానన్నాడు. వేరే డాక్టరు దగ్గరికి పోదాం పదరా అంటే, కాగితం మీద ఒకసారి రాశారంటే ఇక చెరిపేవాళ్లుండరమ్మా అంటాడు."

డాక్టరమ్మకి ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. ఎప్పుడు చూసినా జేబులోనే ఉండే ఆ కుడిచెయ్యి. కప్పు నిండా వద్దు, సగం చాలని అనడం. బజారు నుంచి వస్తుంటే సంచీ ఎడమచేతికి మార్చుకోవడం. సినిమాకి వెళ్లినప్పుడు తన చెయ్యి పట్టుకోకుండా ముందు నడిచిపోవడం. దానికి ఆవిడ రెండు రోజులు మొహం మాడ్చుకుంది కూడా. ముక్కూ మొహం తెలియనివాళ్ల కోట్ల మీద ఏడాది నాటి చారు చుక్క కనిపెట్టే మనిషికి, పక్కన కూర్చున్న మొగుడి చెయ్యి కనపడలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

"అందుకా ఆ కార్పెట్?"

"మరి? నువ్వు ఇంట్లో లేనప్పుడు ఒలికితే తుడుస్తాడు. నువ్వు ఉన్నప్పుడు ఒలుకుతుందేమోనని అసలు తాగడం లేదు, గమనించావా? కప్పు పట్టుకుని కూర్చుంటాడు, చల్లారిపోయాక తీసుకెళ్లి పారబోస్తాడు." అత్తగారు మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది. "కొననివ్వమ్మాయ్ ఆ కార్పెట్. పోనీలే. ఒలికితే ఉతుక్కుంటాం. వాడు స్థిమితంగా ఓ కప్పు టీ తాగుతాడు. నేను కూడా మామూలు కప్పులో తాగుతాను."

నెల రోజులుగా మూలలు లేస్తాయనీ, మెషిన్ తిప్పదనీ తను వేసిన అడ్డుపుల్లలన్నీ డాక్టరమ్మ చెవుల్లో మోగాయి. అన్నిటికీ ఓపిగ్గా జవాబులు వెతికి తెచ్చుకున్నాడు ఆ మనిషి. ఏడుపు తన్నుకొచ్చింది. వచ్చింది గానీ సగంలోనే ఆగిపోయింది, ఇంకో ఆలోచన దాన్ని తోసుకుని ముందుకొచ్చేసింది.

"అత్తయ్యా, ఆయన ఇప్పుడు క్రేన్లో ఉన్నారు."

అత్తగారు తల కిటికీ వైపు తిప్పేసింది.

"ఆ చేత్తో."

"లివరు పట్టుకుంటే వణకదట. ఊరికే ఉన్నప్పుడే వణుకుతుందట. ఎన్నోసార్లు అడిగాను నేను. నాకు మాత్రం భయం ఉండదా?"

"కప్పు పట్టుకున్నప్పుడు వణికింది కదండీ?"

 నాలుగు నెలలుగా అత్తగారు ఆ ప్రశ్న తనని తాను అడగకుండా దాచుకుంటూ వచ్చినట్టుంది.

డాక్టరమ్మ లేచి బాల్కనీలోకి పరిగెత్తింది. మూడు వీధుల అవతల క్రేన్ చెయ్యి మెల్లగా తిరుగుతోంది. దాని చివర్న తీగకి ఇనపకడ్డీల కట్ట వేలాడుతోంది. ఇంత దూరం నుంచి అది చీపురుపుల్లల కట్టంత ఉంది. ఎంతమంది మనుషుల బరువుంటుందో ఆయనే ఒకసారి చెప్పాడు, ఇప్పుడు గుర్తు చేసుకోబుద్ధి కాలేదు. ఆ కట్ట కింద, ఆవిడకి కనపడని చోట, తలకి పసుపు టోపీలు పెట్టుకుని మనుషులు నడుస్తూ ఉంటారు. క్రేన్ చెయ్యి ఆగింది. కట్ట ఊగింది. ఊగుతోంది.  మెల్లగా ఊగడం ఆగింది. కట్ట కిందికి దిగి మేడ వెనక మాయమైంది.

లోపల గడియారం చూసింది. ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువ. బీరువా దగ్గరికి వెళ్లి, దుప్పట్లన్నీ కింద పడేసి, అడుగున ఉన్న ఎర్ర తువ్వాలు లాగింది.

తిరిగి వచ్చేసరికి అత్తగారు బాల్కనీ తలుపుకి అడ్డంగా నిలబడి ఉంది.

"అది వద్దు."

"తప్పుకోండి అత్తయ్యా."

"నా మాట విను. సాయంత్రం వస్తాడు, అప్పుడడుగు. ఇప్పుడది వేశావంటే వాడు కంగారుపడి దిగొచ్చేస్తాడు. ఎందుకు దిగావని వాళ్లడగరూ? ఏం చెబుతాడు?"

"ఉన్నది చెబుతారు."

"ఉన్నది చెబితే మళ్లీ ఎక్కనిస్తారా?"

"ఎక్కనివ్వకూడదు."

అనేసి, తనే అదిరిపడింది డాక్టరమ్మ. ఆ మాట తన నోట్లో ఎప్పుడు తయారైందో ఆవిడకే తెలియదు. అత్తగారు కోడలి మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"వాడికి చేతనైంది ఆ పని ఒక్కటే. ఇరవై రెండేళ్లుగా అక్కడే కూర్చున్నాడు. కిందికి దింపేస్తే ఏం చేస్తాడు చెప్పు? ఈ కుర్చీలో నాకెదురుగా కూర్చుని గోడ చూస్తాడా?"

"చూడనివ్వండి. నేనూ కూర్చుంటాను పక్కన." డాక్టరమ్మ కళ్లు తుడుచుకోలేదు, చేతిలో తువ్వాలుంది. "ఆ కడ్డీల కింద నడిచేవాళ్లకీ ఇళ్లున్నాయి అత్తయ్యా. వాళ్ల కోసం కూడా ఎవరో ఒకరు బాల్కనీలో నిలబడి ఉంటారు. రేపు ఏదైనా అయితే ఆయన బతుకుతారా? మీరు బతుకుతారా, ఆ బొత్తాలు పెట్టిన చేతులు చూసుకుంటూ?"

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సింది. కానీ అది పనిచేసింది. అత్తగారి వేళ్లు ఒక్కొక్కటే వదులయ్యాయి. ఆవిడ పక్కకి జరిగి, తలుపు చట్రాన్ని పట్టుకుని నిలబడింది.

డాక్టరమ్మ పసుపుదానికి బదులు ఎర్రది కమ్మీ మీద పరిచింది. గాలికి ఎగిరిపోకుండా రెండు చివర్లా క్లిప్పులు పెట్టింది. పదకొండేళ్లుగా బీరువాలో ఉన్నా రంగు వెలిసిపోలేదు. ఎండలో భగ్గుమంటోంది. ఊరి అవతలివాళ్లకి కూడా కనపడేలా ఉంది.

ఇద్దరూ పక్కపక్కనే నిలబడి క్రేన్ వంక చూశారు. ఇప్పుడు దాని చెయ్యి ఆగిపోవాలి. గదిలోంచి ఓ మనిషి బయటికి రావాలి. నిచ్చెన మీద చీమంత మనిషి దిగుతూ కనపడాలి. వణికే చేత్తో అంత పొడుగు నిచ్చెన ఎలా దిగుతాడో ఆలోచించలేదే అని డాక్టరమ్మకి అప్పుడు తట్టింది.

ఒంటిగంట అయింది.

పాం, పాం.

రెండు పొట్టి హారన్లు. రోజూ వచ్చినట్టే, హుషారుగా. క్రేన్ చెయ్యి మళ్లీ తిరగడం మొదలుపెట్టింది.

"కనపడలేదేమో వాడికి," అంది అత్తగారు. "ఎండ కళ్లల్లో పడి ఉంటుంది."

"కనపడింది. కనపడబట్టే కొట్టారు."

"మరి దిగడే?"

డాక్టరమ్మ ఎర్ర తువ్వాలు అంచు పట్టుకుని, దాన్ని ఇంకోసారి సరిచేసింది, సరిచెయ్యడానికి ఏమీ లేకపోయినా. ఎర్రదంటే ఏమిటో ఈ లోకంలో తెలిసింది ముగ్గురికే. అందులో ఇద్దరు ఇక్కడున్నారు. మూడో మనిషి అది చూసి రెండు హారన్లు కొట్టి ఊరుకోడు. ఏ జబ్బు వచ్చినా ఊరుకోడు. ఒంటిగంటకి ఈ బాల్కనీలో తువ్వాలు కనపడితే రెండుసార్లు కొట్టమని ఆయన చెబితే, పైన ఎవరో కొడుతున్నారు. రంగుల సంగతి వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

"పైన ఉన్నది ఆయన కాదు అత్తయ్యా."

అత్తగారు కోడలి వంకా, క్రేన్ వంకా మార్చి మార్చి చూసింది. నాలుగు నెలలుగా కొడుకు రహస్యం మొత్తం తన దగ్గరే ఉందనుకుంది ఆవిడ. అందులో సగం తన దగ్గర కూడా దాచాడని అప్పుడే తెలిసింది.

"మరి నేను రోజూ తువ్వాలు ఎవరికి వేస్తున్నాను?" అంది, చిన్నపిల్లలా.

డాక్టరమ్మకి ఒక్క క్షణం ఒళ్లంతా తేలికైపోయింది. అక్కడ లేడు. ఆ చెయ్యి ఆ లివరు మీద లేదు. మరుక్షణమే భయం ఇంకో వైపు నుంచి వచ్చింది. క్రేన్లో లేకపోతే రోజూ టిఫిన్ డబ్బా పట్టుకుని పొద్దున్నే ఎక్కడికి వెళ్తున్నాడు? సాయంత్రం దాకా ఎక్కడుంటున్నాడు? ఎన్నాళ్ల నుంచి? పైన కూర్చుని తమకి హారన్ కొడుతున్న ఆ మనిషి ఎవరు?

"అమ్మాయ్," అంది అత్తగారు, కింద వీధిలోకి చూపిస్తూ.

వీధి మొదట్లో ఇంటాయన నడిచి వస్తున్నాడు. ఎడమ భుజం మీద, గోధుమరంగు కాగితం చుట్టిన పొడుగాటి చుట్ట ఒకటి ఉంది. కుడిచెయ్యి జేబులో ఉంది. పొద్దున అత్తగారు బొత్తాలు పెట్టిన చొక్కాయే. ఇవాళ పెళ్లాం ఇంట్లో ఉంటుందని తెలుసు. తెలిసే వస్తున్నాడు, పట్టపగలు, కార్పెట్ మోసుకుని. పందెం తేలకుండానే కొనేశాడు. పాపం, ఇంకెంత భయపడి ఉంటాడో. లేకపోతే అంతా చెప్పేద్దామనే బయల్దేరాడో.

అలవాటు చొప్పున తలెత్తి బాల్కనీ వంక చూశాడు.

చుట్ట భుజం మీంచి జారిపోయింది. ఆయన దాన్ని పట్టుకోలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఎదురొచ్చే స్కూటర్ని తప్పించుకుని, జేబులోంచి చెయ్యి బయటికి తీసి, పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఆయన అలా పరిగెత్తడం డాక్టరమ్మ ఒకే ఒకసారి చూసింది, పదకొండేళ్ల కిందట. కార్పెట్ చుట్ట దొర్లి దొర్లి, నీళ్ల గొట్టం లీకయ్యే చోట బురదలో పడింది.

"పడితే పడనీలే," అంది అత్తగారు, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో. "ఉతుక్కోవచ్చు కదా."

ఇద్దరూ లోపలికి వచ్చారు. మెట్ల మీద అడుగులు దడదడమంటున్నాయి. మొదటి అంతస్తు. రెండో అంతస్తు. హాలు మధ్యలో సగం తిరగబడిన తివాచీ, మరకలన్నీ పైకి కనపడేలా. దాన్ని సరిచెయ్యాలని ఇద్దరికీ తోచలేదు. మూడో అంతస్తు. అడుగులు తలుపు ముందు ఆగాయి.

బెల్లు మోగలేదు. తాళంచెవి చప్పుడు వినిపించింది. అది కన్నంలో దూరలేదు. కన్నం చుట్టూ ఇనుము మీద గీరుకుంది, జారింది, మళ్లీ గీరుకుంది. "ఏమైంది? ఎవరికేమైంది?" అంటున్నాడు అవతల, ఆయాసంతో. తాళంచెవి టకటకమని తలుపుకి కొట్టుకుంటోంది, ఆగకుండా.

ఆ చప్పుడు డాక్టరమ్మ వినడం అదే మొదటిసారి. పద్నాలుగు మరకలు చూసినప్పుడు కూడా ఆవిడకి ఇంత అర్థం కాలేదు. ఒక్క అంగలో తలుపు దగ్గరికి వెళ్లి గడియ మీద చెయ్యి వేసింది.

అత్తగారి చెయ్యి వచ్చి ఆ చేతి మీద పడింది.

"ఆగమ్మాయ్. వాడంతట వాణ్ణే తియ్యనీ."

అవతల తాళంచెవి ఇంకా కన్నం వెతుక్కుంటూనే ఉంది.